దీక్ష నాటి మాత్ర

మా నాన్న నిరాహార దీక్షలో ఉండి పప్పన్నం మారు వడ్డించుకున్నాడని నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీకి కూడా చెప్పలేదు. అందులో ఆ రోజు కింద "మాత్ర: ఒంటిగంట పదికి" అని మాత్రమే ఉంది.

నాన్న ఆటో నడిపేవాడు. నల్గొండ నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో అద్దెకుండేవాళ్లం. ఆయనకు రక్త క్యాన్సర్ అని తేలినప్పుడు ఇక సూదులు, సెలైన్లే అనుకున్నాం. డాక్టరు మాత్రం రోజూ ఇంట్లోనే వేసుకునే మాత్ర రాసిచ్చాడు. వేళ తప్పకుండా మధ్యాహ్నం కడుపు నిండా తిన్నాక పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకోవాలి. తనను అడగకుండా ఒక్కరోజు కూడా ఆపకూడదు, ఆపితే అణిగిన జబ్బు మళ్లీ తలెత్తుతుంది అన్నాడు. పరీక్షల్లో అంకెలు అప్పుడప్పుడే దారికొస్తున్నాయి. అమ్మ పిన్ని పురిటికి తుర్కయంజాల్ వెళ్తూ మాత్రల డబ్బా నా చేతిలో పెట్టింది.

ఆ వారంలోనే తెలంగాణ కోసం మా సందు చివర రిలే దీక్షల టెంటు వేశారు. రోజుకో సంఘం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పస్తు కూర్చోవాలి. ఆటో సంఘం వంతు రాగానే నాన్న మెడలో దండతో ముందు వరుసలో కూర్చున్నాడు.

పదిమందిలో నోరు విప్పలేని నేను మధ్యాహ్నం వెళ్లి టెంటు తాడు పట్టుకుని నిలబడ్డాను. చివరికి ఆయనే లేచొచ్చాడు.

"గోలీ ఇయ్యి. నీళ్లతోని మింగుత."

"మొన్న పరగడుపున మింగి మొత్తం కక్కినవ్ గద నాయినా."

"తింటే ఇజ్జత్ పోతది బిడ్డా. ఒక్కరోజుకు ఏమైతది?"

ఏమవుతుందో డాక్టరు చెప్పాడు కాబట్టి ఏడుస్తూ ఇంటికొచ్చాను. గేటు దగ్గర నిలబడ్డ మా ఇంటి ఓనరమ్మ, గుంటూరావిడ, ఏమైందని అడిగింది. చెప్పాను. ఆవిడ తిన్నగా టెంటు దగ్గరికి నడిచింది.

"అన్నయ్యగారూ! మీ ఆవిడ ఫోను! మీ మరదలికి నొప్పులొస్తున్నాయంట, తొందరగా రండి!"

నాన్న పరుగెత్తాడు. ఓనరమ్మ వాళ్ల వంటింట్లో పీట, పీట ముందు కంచం ఉన్నాయి.

"ఇదేందమ్మా, ఫోనేది?"

"ముందు తినండి. మీ రాష్ట్రం మీరు తెచ్చుకోండి, నేనేమన్నా అడ్డమా? వచ్చాక చూడ్డానికి మీరుండాలిగా!"

బయట మైకు ఆంధ్రా పాలకుల మీద నిప్పులు చెరుగుతోంది. నాన్న మొదటి ముద్ద దొంగలా మింగాడు. నాలుగో ముద్దకి గోంగూర పప్పు, అన్నం ఇంకాస్త వేయమన్నాడు. మాత్ర వేసుకుని నీళ్ల గ్లాసు ఖాళీ చేసేదాకా నేను అక్కణ్నుంచి కదల్లేదు. ఆ తర్వాత నాన్న మూతి తుడుచుకుని, మళ్లీ వెళ్లి టెంటులో కూర్చున్నాడు.

సాయంత్రం సంఘం అధ్యక్షుడు అందరికీ నిమ్మరసం ఇచ్చి దీక్ష ముగించాడు. నాన్న చేతులు జోడించి, "నాకొద్దన్నా" అన్నాడు. నిజంగానే కడుపులో చోటు లేదు. అధ్యక్షుడి కళ్లు చెమర్చాయి. పొద్దుట్నుంచి మెతుకు ముట్టని మనిషి నిమ్మరసం కూడా వద్దంటున్నాడని మైకులో చెప్పాడు. చప్పట్లు మోగాయి. నాన్న తల దించుకుంటే అది వినయమనుకున్నారు.

అధ్యక్షుడు మైకు పక్కన పెట్టి నా దగ్గరికొచ్చి, తల మీద చెయ్యి వేశాడు.

"నీ తండ్రి గట్టోడు బిడ్డా. అందరు పగటీలికే సొక్కిపోయిండ్రు, ఈయన మొకం జూడు ఎట్ల కళకళలాడుతుందో! రేపటిసంది మూడు రోజులు ఈయన్నే కూసోవెడ్తం."