గింజ పలకని కాగితం

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. గుంటూరులో మిరపకాయల కొట్లో పెరిగినవాణ్ణి. సరుకు చూడకుండా బేరమాడే అలవాటు మా ఇంట్లో లేదు. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

ఎనభైల నడిమి సంగతి. కాలేజీలో ఫిజిక్సు చెబుతూ, ఎండుమిరపకాయల్లో తేమ కొలిచే చిన్న మీటరు తయారుచేశాను. దాని మీద ఢిల్లీలో ఒక సదస్సుకు పేపరు పంపాను. నా మొట్టమొదటి పేపరు. ‘ప్రస్తుతానికి ఒప్పుకున్నాం. పేపరు చదివి చూసే నిపుణుల అభిప్రాయాలు వెనక పంపుతాం, వాటికి సరైన జవాబిస్తేనే ఖాయం’ అని ఉత్తరం వచ్చింది.

ఆ ‘వెనక’ నెలన్నర సాగింది. రోజూ కాలేజీకి పోస్టాఫీసు మీదుగా చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి. పెదకాకాని శివుడికి ఒక కొబ్బరికాయ మొక్కుకుని, ప్రయోగం మళ్లీ చెయ్యమనకుండా చూస్తే రెండోది కూడా అన్నాను. ఆయన బెట్టు చేస్తే మూడోదాని దాకా వెళ్లడానికి సిద్ధమే కానీ, ముందే బయటపడలేదు.

నా భయానికి కారణం ఉంది. మా నాన్న కాయను చెవి దగ్గర ఆడించి, గింజల చప్పుడును బట్టి ఎంత ఎండిందో చెప్పేవాడు. మీటరును ఆయన చెవితో పోల్చాను. ముసురు పట్టిన రోజుల్లో పర్చూరు నుంచి వచ్చిన మూడు బస్తాల దగ్గర మీటరు తప్పింది. కాయలు పూర్తిగా ఆరబెట్టి తూచి చూస్తే నాన్న చెప్పిందే నిజం. ఆ మూడు బస్తాలనూ పేపరులోంచి తీసేశాను. ఎవరికీ చెప్పలేదు. రంగుపోయిన తాలుకాయలు బస్తా అడుక్కి తొయ్యడం కొట్లో పెరిగినవాడికి ఒకరు నేర్పాలా?

ఒక మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ కవరు కొట్లోనే ఇచ్చిపోయాడు. నేను వెళ్లేసరికి నాన్న దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, కాయను ఆడించినట్టే ఆడిస్తున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కవరు అంటించింది అంటించినట్టే ఉంది.

“మూడున్నాయిరా. రెండిట్లో గింజ పలుకుతోంది. మూడోదాంట్లో లేదు.”

నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. సోదె చెప్పడం ఎప్పుడు మొదలెట్టావు నాన్నా అన్నాను.

“నాదేం పోయింది, విప్పి చూసుకో.”

బ్లేడుతో నేనే కోశాను. లోపల మూడు అచ్చు ఫారాలు, ఒకే సైజువి. ఎంతమంది చదువుతారో అప్పటిదాకా నాకే తెలియదు. మొదటాయన బొమ్మ సరిగా లేదన్నాడు. రెండో ఆయన, నేను పేపరులో రాసిన ‘అనుభవమున్న వ్యాపారి’ అంటే ఎవరు, ఆయన చెవిని ఎందుకు నమ్మాలి అని అడిగాడు. తెలుగులో చెబితే నాన్న కడుపుబ్బా నవ్వి, “అడగాల్సిందే అడిగాడు” అన్నాడు. మూడో ఫారం మీద నా పేపరు పేరు టైపు చేసి ఉంది. కింద ఒక్క అక్షరం లేదు.

నాకు ప్రాణం లేచొచ్చింది. జవాబు చెప్పాల్సినవాళ్లలో ఒకరు తగ్గారు. దాన్ని నలపబోతుంటే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

“పారెయ్యమాక. బేరంలో నోరు మెదపనోడికేరా సరుకులో లోటు తెలిసేది.”

ఇద్దరికీ జవాబులు రాశాను. ఆ ఖాళీ ఫారం బల్ల మీదే ఉంది. వారం రోజులు దాన్ని తప్పించుకుని తిరిగాను. చివరికి మూడు బస్తాలనూ పేపరులో చేర్చి, ఇక్కడ మీటరు తప్పింది, వ్యాపారి చెవి తప్పలేదు అని రాసి పంపాను. పోతే పోయిందనుకున్నాను. పోలేదు.

ఢిల్లీలో సదస్సు కార్యదర్శిని ఆ ఫారం గురించి అడిగాను. ఆయన నొచ్చుకున్నాడు. మూడో ఆయన నా పేపరు విప్పకముందే పోయారట. ఇంట్లోవాళ్లు ఫారం తిప్పి పంపితే, ఆఫీసులో పొరపాటున మిగతావాటితో కలిపి కవర్లో పెట్టారట.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. పాపం, ఆ మహానుభావుడెవరో అన్నాడు. కవరులో సంగతి నీకెలా తెలిసిందని నిలదీస్తే, కాయ సంగతి మాత్రం ఎలా తెలుస్తుందో నాకేం తెలుసురా అని లేచి వెళ్లిపోయాడు.

ఆ తరవాత ఎన్నో కవర్లు చెవి దగ్గర ఆడించి చూశాను. నాకు కాగితం చప్పుడే వినిపించింది. ఆ మూడు బస్తాల లెక్క ఎవరికి అప్పజెప్పానో కూడా ఇప్పటికీ చెప్పలేను. అడిగినవాళ్లయితే ఎవరూ లేరు.