బావ కట్టిన శ్లాబు

బావ పోయిన పన్నెండో రోజున, భోజనాలు అయ్యాక, ఆయన తల్లి ఒక గోనెసంచి ఈడ్చుకొచ్చి నా ముందు పెట్టింది. అందులో సుత్తి, ఉలి, తాపీ, రెండు స్పానర్లు, ఒక రంపం ఉన్నాయి.

"ఆడి పని ఇంక నువ్వే సెయ్యాల బాబూ. బయటోడు ఈ ఇంటి మీద సెయ్యెయ్యకూడదు," అంది.

చుట్టూ బంధువులున్నారు. కాదనడానికి వీలైన చోటు కాదు. నేను ఒక షిప్పింగు ఆఫీసులో గుమాస్తాని. సుత్తి పట్టుకుంటే ముందు నా వేలికే తగులుతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడకూ తెలుసు. అయినా సంచి పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

బావ అంటే మా అక్క భర్త. స్టీలు ప్లాంటులో ఫిట్టరు. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క సందులో రెండు గదుల ఇల్లు సెలవు రోజుల్లో తనే కట్టుకున్నాడు. గోడలు తనవి, తలుపులు తనవి. శ్లాబు పోసిన రోజున మాత్రం తోటి పనివాళ్లు సాయం వచ్చారు. తొంభైల మధ్యలో, కామెర్లు ముదిరి, నలభై నిండకుండా పోయాడు. పిల్లలు లేరు. ఆ ఇంట్లో అక్క, వాళ్ల అత్త మిగిలారు.

ఆయన పుస్తకం పట్టేవాడు కాదు. కానీ నేను కనిపిస్తే, "ఏటి బావా, ఈ వారం ఏటి సదివావ్?" అని అడిగి, కథంతా చెప్పించుకునేవాడు. నచ్చని ముగింపు ఉంటే రచయితను తిట్టేవాడు. ఆయన పోయాక నేను అంత వివరంగా ఎవరికీ ఏ కథా చెప్పలేదు. నాకు కావలసింది ఆయన గురించి ఎవరితోనైనా కూర్చుని మాట్లాడటం. నాకు దొరికింది ఆదివారాలు ఆయన ఇంట్లో రిపేర్లు.

మొదట కుళాయి. పాత సైకిలు ట్యూబు గుండ్రంగా కత్తిరించి వాషరుగా వేశాను. కారడం ఆగింది. అత్త వీధిలో నలుగురికి చెప్పింది. తర్వాత తలుపు గడియ, ఆ తర్వాత సీలింగు ఫ్యాను. ఫ్యాను విప్పి కండెన్సరు మార్చి బిగించాను. తిరిగింది, కానీ కింద గాలి లేదు. వైర్లు తారుమారు చేశాను కాబోలు, రెక్కలు వెనక్కి తిరుగుతున్నాయి.

అత్త మంచం మీద పడుకుని పైకి చూసింది. "ఓలమ్మ! శ్లాబుకి సెమట పట్టిందేటి బాబూ, దానికి ఇసురుతన్నాది?"

అక్క నవ్వింది. బావ పోయాక ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి. ఆ నవ్వు వల్ల కూడా నేను ఆ పని వదల్లేకపోయాను.

అలా ఏడాదిన్నర గడిచింది. వానాకాలం చివర అత్త మంచం పైన శ్లాబు కొద్దిగా ఉబ్బింది. పెచ్చు ఊడి, లోపలి ఇనుప ఊచ బయటపడింది. మేస్త్రిని పిలుద్దామన్నాను.

"మేస్త్రేటి? మేస్త్రి లేకండానే నా కొడుకు కట్టాడు. ఆ మాత్రం అతుకు నువ్వెయ్యలేవా?"

స్టూలు మీద స్టూలు వేసుకుని ఎక్కాను. వదులుగా ఉన్నదాన్ని ఉలితో రాల్చాను. ఊచ మీద తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. కాంక్రీటు ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని చూస్తే అందులో తెల్లగా ఏదో మెరిసింది. గోటితో గీకాను. చిన్న గవ్వ. దాని పక్కన ఆలిచిప్ప ముక్కలు.

నేనూ అక్కా పుట్టింది సముద్రం ఒడ్డున జాలరిపేటలో. ఆ ఇసుక నాకు కొత్త కాదు. అత్త నీళ్లకు వెళ్లినప్పుడు ఆ ముక్కను అక్కకు చూపించాను. ఆమె చూడకుండానే చీపురు అందుకుంది.

"తెల్సు. ఆ ఇసక మోసింది నానే."

"సముద్రపు ఇసుకతో శ్లాబు వేస్తారా అక్కా?"

"మనోళ్ల గుమ్మం ముందున్నాది ఇసక. మూడు నీళ్లు కడిగితే ఉప్పు పోద్దన్నారు. నాను కడిగేదాన్ని. మీ బావ సిటికెడు నాలిక మీద ఏసుకుని, సప్పగున్నాదే, ఇంక సాలు అనేవోడు."

నాలుకకు తెలియని ఉప్పు ఇనుముకు తెలుస్తుంది. ఆ గదిలో ఎక్కడ తవ్వినా ఇంతేనని ఇద్దరికీ అర్థమైంది.

"మంచం అక్కణ్ణించి తీయించాలి," అన్నాను.

"ఏమని తీయిత్తావ్? కొడుకు పోయాడు, ఆడు కట్టిన కప్పు కూడా ఉత్తిదేనని సెప్తావా? ఒద్దురా. అతికీ. మేస్త్రొస్తే సూడగానే సెప్పీగలడు."

అతికేశాను. సిమెంటు నున్నగా రుద్ది సున్నం వేశాను. అత్త కింద నిలబడి చూసి, "అచ్చం ఆడి సెయ్యే," అంది.

ఆ తర్వాతి రెండేళ్ల ఆదివారాలు నాకు ఒకేలా గుర్తున్నాయి. వెళ్లగానే స్టూలు ఎక్కి, సుత్తి పిడితో శ్లాబును తట్టేవాణ్ణి. గట్టిగా ఉన్నచోట శబ్దం ఒకలా వస్తుంది, లోపల వదిలినచోట ఇంకోలా. బోలు శబ్దం మంచం మీదుగా గుమ్మం వైపు పాకుతూ వచ్చింది. ఊడిందల్లా ఊడదీసి అతికేవాణ్ణి. నా అతుకు బరువు కూడా ఆ శ్లాబే మోయాలి. వారం మధ్యలో ఆఫీసులో ఫోను మోగితే ముందు ఆ గదే గుర్తుకొచ్చేది. సీతమ్మధారలో మా అద్దె ఇంటికి వచ్చి కొన్నాళ్లు ఉండమని అత్తను బతిమాలాను. "రైలు కూత ఇనపడకపోతే నాకు నిద్దరట్టదు," అంది. మంచం కాస్త జరుపుతానంటే, "నా కొడుకు ఏసిన కప్పు కింద నాకేటి బయ్యం?" అంది. నిజం చెప్పనివ్వమని అక్కను అడిగాను. ఆమె నాతో రెండు వారాలు మాట్లాడలేదు.

నాకు ఇంకో సంగతీ తెలుసు. ఆ ముసలావిడ తల మీద అది పడితే, తెలిసీ అతికినవాణ్ణి నేను.

ఒక ఆదివారం ఉదయం నేను సందు మలుపు తిరిగేసరికి అత్త బిందెతో కుళాయి దగ్గర వరసలో నిలబడి ఉంది. ఆ రోజు ఆవిడ వంతు ఆలస్యమైంది. ఇంట్లోకి వెళితే అక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మంచం మీద పీటంత పెచ్చు పడి ఉంది. తలగడ చినిగి దూది బయటికొచ్చింది.

నేను ఎవరినీ అడగలేదు. వెనుక వీధిలో ఉండే తాపీ మేస్త్రిని వెంటబెట్టుకొచ్చాను. మేము వచ్చేసరికి అత్త గుమ్మంలో ఉంది.

"ఈడెవుడు? నా ఇంట్లో బయటోడికి పనేటి?"

మేస్త్రి ఆవిణ్ణి పట్టించుకోలేదు. స్టూలెక్కి ఊచల పైదాకా ఉలి దింపాడు. చేయి లోపల పెట్టి ఒక ముక్క లాగి, దిగి, వెలుతురులో అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఓర్నాయనో. గవ్వలున్నాయి బాబూ. ఇది బీచి ఇసక. ఏ ఎర్రిగుంట ఏసాడు దీన్ని?"

అత్త ఆ అరచేతి వైపు చూసింది. ముప్పై ఏళ్లు సముద్రం ఒడ్డున చేపలు అమ్మిన మనిషి. గవ్వ అంటే ఏమిటో ఆవిడకు చెప్పక్కర్లేదు.

"నేనే," అన్నాను. "అతుకులకి జాలరిపేట నుంచి తెచ్చాను. ఉప్పు ఊచలకి ఎక్కినట్టుంది."

మేస్త్రి నా వైపు చూశాడు. ముక్క నా అతుకులోంచి రాలేదు. ఊచకు పైన, శ్లాబు కడుపులోంచి వచ్చింది. తీసినవాడికి ఆ తేడా తెలుసు. అక్క వైపు చూశాడు, అత్త వైపు చూశాడు. ముక్కను జేబులో వేసుకున్నాడు.

"సదువుకున్నోలు ఇలగే సేత్తారమ్మా," అన్నాడు. "మొత్తం తీసీయాల. ఇయ్యాలే కాళీ సెయ్యండి."

అత్త నన్ను తిట్టలేదు. "మా ఓడు సెయ్యేసిన శ్లాబు," అంది, రెండుసార్లు. తర్వాత తనే మంచం మడత పెట్టింది.

శ్లాబు పగలగొట్టి, నది ఇసుకతో కొత్తది పోసి, సెంట్రింగు విప్పేదాకా ఇద్దరూ మా ఇంట్లోనే ఉన్నారు. ఆవిడ మా ఆవిడతో మాట్లాడేది, పక్కింటివాళ్లతో మాట్లాడేది. నాతో మాట్లాడేది కాదు. ఎవరైనా చూడటానికి వస్తే, "నా కొడుకు బంగారంలాటి ఇల్లు కట్టాడమ్మా, ఈ బాబు పాడుసేసీసాడు," అని నా ముందే చెప్పేది. నేను పక్క గదిలో పుస్తకం తెరిచి అదే పేజీలో ఉండేవాణ్ణి.

కొత్త గదిలోకి వెళ్లాక కూడా ఆదివారాలు మానలేదు. పనులు మాత్రం మేస్త్రి చేసేవాడు. నేను కోరుకున్నది అదే. కానీ ఆవిడ దగ్గర నేను బావ పేరెత్తితే లేచి వెళ్లిపోయేది. అక్క దగ్గర ఆయన మాటెత్తితే ఇద్దరికీ ఆ శ్లాబే గుర్తొచ్చేది. ఆయన్ను నాలాగే తలుచుకునే మనిషి ఇంక ఆవిడొక్కతే. ఆవిడతో ఆయన గురించి మాట్లాడే దారి నాకు నేనే మూసేసుకున్నాను.

ఒకసారి, రెండువేలు దాటాక, అక్క నన్ను వీధి మలుపుదాకా సాగనంపుతూ అడిగింది. "ఎన్నాళ్లు తిట్లు తింటావురా? సెప్పీమంటావా?"

రైలు వెళ్తోంది. అది పోయేదాకా ఇద్దరం ఆగాం.

"నిద్ర పడుతోందా ఆవిడకి?" అని అడిగాను.

"పడతన్నాది."

"అయితే వద్దులే," అన్నాను.