బావమరిదికి సింగపూర్ చూపించే ప్లాను

నేను అనకాపల్లిలో సిమెంటు, ఇనుము అమ్ముకునే మనిషిని. ఊరు చూడటమంటే నాకు తెలిసిన పద్ధతి ఒకటే. పొద్దున్నే బండి మాట్లాడుకుని సింహాచలం, కైలాసగిరి, బీచ్, సబ్‌మెరైన్ అన్నీ చుట్టేసి చీకటి పడేసరికి ఇంటికొచ్చి పడాలి. ఒక్కటి వదిలినా వెళ్లినట్టు కాదు.

అందుకే సిమెంటు కంపెనీవాళ్లు టార్గెట్ దాటిన డీలర్లను జంటగా సింగపూర్ తీసుకెళ్తామనగానే, నేను అన్నీ చూసేయాలనుకున్నాను. మా ఆవిడ మాత్రం ఏడుపు మొదలుపెట్టింది. వాళ్ల తమ్ముడు అక్కడే ఓడలు కట్టే యార్డులో వెల్డరు. రోలుగుంట నుంచి వెళ్లినవాడు నాలుగేళ్లయినా ఇంటి ముఖం చూడలేదు. వచ్చే ఏడాది వస్తానంటాడు, ఆ ఏడాది వచ్చాక మళ్లీ అదే మాట.

కంపెనీ ప్రోగ్రాంలో మొదటి రోజులన్నీ మీటింగులు, శాలువాలు, ఫొటోలు. చివరి రోజు మాత్రం విమానం ఎక్కేదాకా మాదే. ఆ రోజు కోసం ఇంట్లో పెద్ద యజ్ఞమే నడిచింది. మధ్యాహ్నం నేను భోజనానికి రాగానే మా ఆవిడ ఫోనులో వీడియోలు చూపించేది. ఒకరోజు తమ్ముణ్ణే అడిగింది.

"అక్కడ సూడ్డానికి ఏటి బాగుంటాదిరా?"

"నాకేటి తెలుసక్కా? యార్డు, రూము, ఆదివారం మార్కెట్టు. నేనేటీ సూడలేదు. నువ్వొత్తే నీతో పాటు సూత్తాను."

ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. "మనకోసం కాదండీ. ఆడికే సూపించాల," అంది. ఇక అక్కణ్ణుంచి మాది విహారయాత్ర కాదు, బావమరిదికి సింగపూర్ చూపించే ప్లాను. పక్షుల పార్కు, చేపల అక్వేరియం, రోప్‌వే, పూలతోట, చివర్లో నీళ్లు కక్కే సింహం బొమ్మ. ఇవన్నీ ఒక్క రోజులో ఎలా అవుతాయని నాకు అనిపించలేదు. మనకు అలవాటే కదా.

ముందు బావమరిదే అడ్డు చెప్పాడు. "పక్షుల పార్కు ఎల్లి రాడానికే సగం రోజు పోద్ది బావా." సరే, పక్షులు ఎగిరిపోయాయి. తర్వాత మళ్లీ ఫోను. ముందురోజు నైట్ డ్యూటీ పడిందట, సెలవడిగితే కుదరదన్నారట. "పర్లేదు బావా, డ్యూటీ దిగి తిన్నగా వచ్చెత్తాను." రాత్రంతా పనిచేసి వచ్చేవాణ్ణి ఎంతసేపని తిప్పుతాం? అక్వేరియం తీసేశాం.

ఇంతలో టూరు చూసే కుర్రమేనేజరు గ్రూపులో మెసేజ్ పెట్టాడు. చివరి రోజు మధ్యాహ్నానికే అందరూ సామానుతో హోటల్లో ఉండాలట. ఫోను చేసి అరిచాను. "సార్, గ్రూపు టికెట్టు సార్, ఒక్కళ్లు లేటయినా అందరికీ ఇబ్బంది," అన్నాడు తేనె పూసినట్టు. లారీ డ్రైవర్లను హడలగొట్టే నా గొంతు వాడి దగ్గర ఎందుకూ పనికిరాలేదు. రోజు కాస్తా పూటయింది. పూలతోట ఒక్కటే మిగిలింది.

మా ఆవిడ మాత్రం బెల్లం గవ్వలు చేసి స్టీలు డబ్బా నింపింది. మా వైపు తమ్ముడు ఎదురొస్తే ముందు నోట్లో ఏదైనా పెట్టాలి, మాటలు తర్వాత. తోట చూడటం కూడా తర్వాతేనని నాకు అక్కడికి వెళ్లాక తెలిసింది.

చెప్పినట్టే తోట గేటు దగ్గరికి వాడు మాకన్నా ముందే వచ్చి నిలబడ్డాడు. తల తడిపి దువ్వుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. లోపల తిండి తిననివ్వరని బోర్డు ఉంది. "అయితే ఇక్కడే తిని ఎల్దాం," అని మా ఆవిడ బయట బెంచీ మీద డబ్బా మూత తీసింది. నేను టికెట్ల క్యూ వైపు చూస్తూ పక్కన కూర్చున్నాను.

నాలుగు గవ్వలు నమిలాడు. అమ్మ మోకాళ్ల గురించి అడిగాడు. ఈసారి చెరుకు ఎలా ఉందని అడిగాడు. జవాబు సగంలో ఉండగానే తల వాలిపోయింది. అక్క భుజం మీదే నిద్రపోయాడు.

"లేపనా? టైమైపోతోంది," అన్నాను.

"ఊరుకోండి."

లేచి క్యూ దాకా వెళ్లాను. మళ్లీ వచ్చి కూర్చున్నాను. గడియారం చూశాను, వాడి ముఖం చూశాను. లేపడానికి చెయ్యి రాలేదు. పోనీ నిద్రపోనీ అనుకోవడానికీ మనసొప్పలేదు. మా ఆవిడ డబ్బా ఒళ్లో పెట్టుకుని భుజం కదపకుండా అలాగే కూర్చుంది. మా ముందునుంచి జనం నవ్వుకుంటూ లోపలికి వెళ్తున్నారు. నాకు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

కుర్రమేనేజరు చేసిన ఫోను నా జేబులో మోగితేనే వాడు ఉలిక్కిపడి లేచాడు. చుట్టూ చూశాడు. "అయ్యో అక్కా, అప్పుడే టైమైపోయిందా? నీకు ఏటీ సూపించలేకపోయేనే," అన్నాడు.

మా ఆవిడ మిగిలిన గవ్వలు సర్దింది. డబ్బా మూత పెట్టి వాడి చేతికిచ్చింది.

ఇప్పటికీ చుట్టాలు సింగపూర్‌లో ఏమేం చూశారని అడుగుతుంటారు. శాలువా కప్పించుకున్న ఫొటోలు నేను చూపిస్తుంటాను. మా ఆవిడ ఒకటే మాట చెబుతుంది.

"మావోడు బాగా సిక్కిపోయేడు."