మోకు విసిరే ముందు ఈల

మా చిన్నప్పుడు... నాన్న బోటు గట్టుకొస్తోందంటే మిగతా పిల్లలు గంతులేసేవాళ్లు. నాకు మాత్రం భయమేసేది.

ఎనభైల మాట. ఫిషింగ్ హార్బర్‌లో మా మరబోటు జెట్టీ దగ్గరికి రాగానే నాన్న ముందు నిలబడి మోకు విసిరేవాడు. మోకంటే బోటు కట్టే లావుపాటి తాడు. గట్టు మీదున్న మనిషి దాన్ని ఠక్కున అందుకుని ఇనుప గుంజకి మెలేయాలి. ఆలస్యమైతే అల వచ్చి బోటుని గట్టుకేసి కొడుతుంది. అమ్మ గంపతో వేలంపాట దగ్గర చోటు పట్టుకోవాలి కాబట్టి, పదేళ్ల నాకు ఆ పని పడింది.

చేతకాక కాదండోయ్... ఒక్కోరోజు మోకు నాన్న చెయ్యి వదలకముందే నా చేతులు చాచి ఉండేవి. మర్నాడు అదే మోకు నా కాళ్ల ముందు పడి నీళ్లలోకి జారిపోయేది! బళ్లోనూ అంతే. ఒకరోజు మాస్టారి ప్రశ్న పూర్తవకముందే జవాబు... ఇంకోరోజు మూడుసార్లు పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. ఏ రోజు ఎలా ఉంటానో నాకే తెలిసేది కాదు. అదే నా భయం.

ఒక పొద్దున్న జెట్టీ మీద నిలబడి, పక్కనున్న ఐసు ఫ్యాక్టరీలో ఐసు ముక్కలు జారుతుంటే చూస్తూ ఉండిపోయాను... నాన్న కేక వినపడింది. వినపడింది గానీ నేను కదలడానికి ఎందుకో టైం పట్టింది. తిరిగేసరికి మోకు నీళ్లలో ఉంది. బోటుని ఆపబోయిన నాన్న కుడిచెయ్యి గట్టుకీ బోటుకీ మధ్య పడింది. రెండు వేళ్లు నలిగిపోయాయి.

"ఈ గుంటకి సెవుడేటి?" అన్నారు అందరూ. ఆసుపత్రిలో చూపిస్తే చెవులు బాగానే ఉన్నాయన్నారు. ఇంటికొచ్చి ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశారు.

నాన్న నెల రోజులు వేటకెళ్లలేదు. అంతకుముందు కుడిచేతి వేళ్లు నోట్లో పెట్టి ఈల వేస్తే వీధంతా వినపడేది... ఇప్పుడా వేళ్లకి కట్టు. అరుగు మీద కూర్చుని ఎడమచేతి వేళ్లతో తుస్సు తుస్సుమని ఊదుకుంటూ ఉండేవాడు. "పనీ పాటా నేదా, సిన్నపిల్లడిలాగ ఈలలేటి?" అని అమ్మ కసిరేది. నేను ఆ కట్టు చూడలేక గోడవైపు తిరిగి అన్నం తినేదాన్ని.

మళ్లీ వేటకి బయల్దేరేటప్పుడు అమ్మ తేల్చేసింది. "మోకు దీనికొద్దు. పక్కింటోలని పట్టమందాం."

"అదే పడతాది," అన్నాడు నాన్న.

బోటొచ్చిన రోజు అందరికంటే ముందే జెట్టీ మీదికి చేరాను. ఎక్కడ చూపు పక్కకి పోతుందోనని రెప్ప వేయకుండా నిలబడ్డాను. అయినా పోనే పోయింది... ఒక కాకి చేపని ఎత్తుకుపోతుంటే దాని వెంటే పోయింది.

అప్పుడు ఈల వినపడింది. తిరిగి చూస్తే నాన్న ఎడమచేతి వేళ్లు నోట్లో ఉన్నాయి, మోకు ఇంకా భుజం మీదే ఉంది.

"సూసినావా నూకాలూ? ఇప్పుడు ఇసురుతన్నాను!"

తలూపాను. విసిరాడు. పట్టుకున్నాను.

ఆ తర్వాత ఎప్పుడూ అంతే. ముందు ఈల, నేను చూశాక మోకు. అప్పుడప్పుడూ జారిపోయింది, అబద్ధమెందుకు... కానీ నాన్న మళ్లీ ఈల వేసేవాడు.

మొన్న మా మనవరాలు పిలిస్తే ఒక్కోసారి పలకడం లేదని డాక్టరమ్మకి చూపించాం. కంప్యూటర్లో బొమ్మ కనపడగానే మీట నొక్కాలి. గబగబా నొక్కింది, ఉన్నట్టుండి ఆలస్యం చేసింది, మళ్లీ గబగబా. "పాప నెమ్మది కాదమ్మా, ఒక్కోసారి ఒక్కోలా స్పందిస్తుంది. మిగతా పరీక్షలూ చూశాం, ఏడీహెచ్‌డీ ఉంది, అంటే ధ్యాస ఒకేలా నిలవదు. ముందు పిలవండి. మీ వైపు చూశాకే చెప్పండి," అంది ఆవిడ.

నాకు ఏడుపాగలేదు. మా అమ్మాయి కంగారుపడిపోయింది.

ఇప్పుడు దీనికో పేరుంది, పరీక్షలున్నాయి. అప్పుడు నాకున్న పేరు పరాకు పిల్ల, అంతే. నాన్న పోయి చాలా ఏళ్లైంది. నిన్న ఎవరూ చూడకుండా ఎడమచేతి వేళ్లు నోట్లో పెట్టుకుని ఊదాను... తుస్సుమంది. ఎంత కష్టమో! ఆ నెలంతా అరుగు మీద నాన్న నేర్చుకున్నది నాకోసమేనని ఇన్నేళ్లకి తెలిసింది.

మీరు ఇటు తిరిగేదాకా ఆగి, అప్పుడు మాట్లాడినవాళ్లు మీ ఇంట్లో ఎవరు? చెప్పండి... నేను ఈల నేర్చుకుంటూ చదువుతాను.