తీతువు ఎవరిని చూసి అరిచింది

1946 వేసవి. తమిళ సీమలోని ధర్మపురి తాలూకా పెరియంపట్టి దగ్గర ఒక ఎలిమెంటరీ బడిలో నేను ఉపాధ్యాయుణ్ణి. అంతకు ముందు మద్రాసులో ఒక దినపత్రికకు ప్రూఫులు దిద్దేవాణ్ణి. యుద్ధకాలంలో కాగితం కరువై పేజీలు తగ్గాయి, నా ఉద్యోగమూ పోయింది. పత్రిక నేర్పిన అలవాటు మాత్రం వెంట వచ్చింది: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది తేలకుండా ఏ వాక్యాన్నీ నమ్మను.

నేచర్ స్టడీ, అంటే చెట్టూ పిట్టా గురించి చెప్పే పీరియడ్‌ను బడి బయటే నడిపేవాణ్ణి. నీళ్ల తొట్టి పక్కన మెత్తటి బురద పరిచి, మర్నాడు అందులో పడిన పిట్టల కాలిగుర్తులు చదివించేవాణ్ణి. గూడు దొరికితే పిల్లలు కూర్చుని, తల్లి పిట్ట వచ్చిన ప్రతిసారీ ఒక గులకరాయి పక్కన పెట్టాలి. ఆ ఏడు మునియప్ప ఇంటి వెనక చేనిలో, రాళ్ల మధ్య నేలమీదే, నాలుగు మచ్చల గుడ్లు కనబడ్డాయి. తీతువు గుడ్లు. "సాయంత్రం ఇంటికి పోతూ రోజూ ఒకసారి చూసి పోండి" అని పిల్లలకు పని పెట్టాను.

నాలుగో రోజు మునియప్ప బడికి వచ్చాడు. గొర్రెలు మేపే మనిషి. ఇంట్లో తెలుగు, బయట తమిళం. అతని కూతురు లచ్చుమి మా తరగతిలో అందరికన్నా ఓపికగా చూసే పిల్ల.

"రేపట్నుంచి పాప బడికి రాదు, వాద్యారే" అన్నాడు. "మూడు దినాలుగా పొద్దు మునిగేటప్పుడు మా ఇంటి మీద తీతువు అరుస్తా ఉండాది. ఇంటిదానికి నెలలు నిండినాయి. మా యమ్మ భయంతో అన్నం ముట్టడం లేదు. మీరు ఆ గుడ్లు చూపించినప్పట్నుంచే ఇదంతా."

"మందకాడ అరిస్తే దాన్నే ఆళ్‌కాట్టి అంటావు గదా, మునియప్పా? మనిషి వచ్చినాడని చూపిస్తుందని మెచ్చుకుంటావు."

"మందకాడ అరిస్తే ఆళ్‌కాట్టి. ఇంటి మీద అరిస్తే తీతువు" అన్నాడు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

ఒక్క రోజు గడువు అడిగాను. లచ్చుమి ఇంటి దగ్గరే కూర్చుని, పిట్ట అరిచినప్పుడల్లా అక్కడ ఎవరున్నారో పలక మీద రాయాలి. "రాసింది నా ఎదురుగానే చదవాల" అని ఒప్పుకున్నాడు.

మర్నాడు తండ్రీకూతుళ్లు పలకతో వచ్చారు. మాటలు తెలుగు, అక్షరాలు తమిళం. లచ్చుమి నిలబడి చదివింది.

"పళని వచ్చినాడు, అరిచింది. చిన్నపాప వచ్చింది, అరిచింది. కుప్పన్ తమ్ముణ్ణి ఎత్తుకొని వచ్చినాడు, శానాసేపు అరిచింది. నాయన రాయి విసరను పోయినాడు, ఇంటి మీద తిరిగి తిరిగి అరిచింది. అందరూ పోయినారు. అరవలేదు."

తండ్రి పేరు తప్ప మిగిలినవన్నీ మా తరగతి పేర్లే. వాళ్లు చేసింది నేను పెట్టిన పనే.

మునియప్ప పలకను చూశాడు, నన్ను చూశాడు. "అయితే మా ఇంటికి పట్టిన తీతువు మీరేనా, వాద్యారే?"

"నేనే" అన్నాను.

"నువ్వు కూడా, నాయనా" అంది లచ్చుమి. ఆ మాటకు అతను నవ్వక తప్పలేదు.

లచ్చుమి బడి మానలేదు. పని పద్ధతే మార్చాను. చూడ్డం చేను అవతలి రాతిగోడ వెనక నుంచే, అదీ రోజుకు ఇద్దరే. నాలుగు గుడ్లలో రెండే పిల్లలయ్యాయి. మిగతా రెండింటి తప్పు నాదేనేమో, తేల్చుకోలేకపోయాను.

వారం తిరక్కుండానే మునియప్పకు ఇంకో ఆడపిల్ల పుట్టింది. కాన్పయిన సాయంత్రం పిట్ట మళ్లీ అరిచిందట. ముసలావిడ చెవులు మూసుకుంటే, మునియప్ప లచ్చుమిని పిలిచి, "ఎవరో వచ్చినట్టుండారు, పోయి చూడు పాపా" అన్నాడట.

పిట్టను చూసేవాణ్ణి పిట్ట కూడా చూస్తుంది. వార్తలు దిద్దిన నాకు ఆ చిన్న సంగతి ఒక పలక చెప్పాల్సి వచ్చింది. ఆ తరువాత ఏ గూటి దగ్గరికి పోయినా, మా పిల్లలు పిట్ట పేరు కన్నా ముందు తమ పేర్లు రాసేవాళ్లు. ఆ వరుసలో మొదటి పేరు నాది.