మంద కాడికి పంపిన అన్నం

గుర్వయ్యకు మూడు నెలలుగా ముద్ద దిగడం లేదు. కేసు గెలిచినోడికి ఇదేం రోగమని కొత్తకోట హోటల్లో నలుగురూ నవ్వుతున్నారు. నవ్వరా మరి! పదకొండేళ్లు సొంత చెల్లెలితో కోర్టులో కొట్లాడి మూడెకరాల మెట్టచెలక గెలుచుకున్న మొనగాడాయె.

ఆ చెలకను ఇద్దరినీ కన్న బాపు పోయేముందు నోటిమాటగా చెల్లెలు కృష్ణమ్మకు ఇచ్చాడు. కాగితం లేదు. ఆమె, పెనిమిటి అందులో ఉలవలు చల్లుకున్నారు. ప్రతి ఎండాకాలం తమ గొర్రెల మందను అక్కడే పెట్టుకున్నారు. మంద ఉన్నన్నాళ్లూ అన్న ఇంటి నుంచి జొన్నరొట్టె, పచ్చిపులుసు వెళ్లేవి. "మా అన్న పంపితే గదే నాకు పండుగ" అనేది ఆ పిచ్చిది. ఆమె పెనిమిటి పోయాడు, రోడ్డు పక్క భూములకు రేటు వచ్చింది. గుర్వయ్య చెలక చుట్టూ హద్దుకు రాతి కడీలు పాతించాడు. కృష్ణమ్మ కోర్టుకెక్కింది.

భూమి తన చేతిలో ఉందని చెప్పడానికి ఆమెకున్న ఆధారం ఆ మందొక్కటే. ఊరంతా చూసింది, కాదనడానికి లేదు. గుర్వయ్య వకీలు ఉపాయం చెప్పాడు. ఎరువు కోసం రైతులు చేనులో కిరాయికి మంద పెట్టించుకుంటారు, కాపరికి అన్నం పంపుతారు. అది రివాజు. కిరాయి మందోళ్లకు భూమి మీద హక్కెక్కడిది?

గుర్వయ్య బోనెక్కి అదే అన్నాడు. "కిరాయి మంద సార్. నా చేన్ల ఎరువుకని పెట్టించిన. గందుకే అన్నం పంపిన."

చెల్లెలికి పెట్టిన అన్నాన్ని కూలి చేశాడు! నోరెట్లా వచ్చిందో మహానుభావుడికి. తానూ గొర్లకాపరి కడుపున పుట్టినోడే కదా! కృష్ణమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా బయట వరండాలో, "జర నీళ్లు తాగు అన్నా, మొఖం పీక్కపోయింది" అంటూ సీసా చాపింది. అతను తల తిప్పుకున్నాడు. ఇప్పుడు అన్నం ముందు కూర్చుంటే ఆ సీసానే కనబడుతోంది.

పదకొండేళ్లుగా మంద దిగని చెలక ఈ ఎండాకాలం మరీ బోసిగా కనబడింది. చివరికి సిగ్గు చంపుకుని చెల్లెలింటి వాకిట్లో నిలబడ్డాడు.

"మంద తోలుకరా చెల్లే, ఎప్పటిలెక్కనే."

తప్పయిందనే మాట కూడా అందామనుకున్నాడు. అనకుండానే భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు. ఆమె సరేనని తలూపింది.

మర్నాడు పొద్దు వాలకముందే మంద వచ్చింది. గుర్వయ్య ప్రాణం లేచొచ్చింది. పెండ్లాం పుష్పతో రొట్టెలు చేయించి, గిన్నె తనే పట్టుకుని ఉరికాడు.

"ఈడెందుకు చెల్లే, ఇంటికి రా. వదిన ఎదురుచూస్తాంది, కూసోని తిందాం."

కృష్ణమ్మ ఆసామి ముందు కూలి మనిషిలా చెప్పులు విడిచి గట్టు దిగువన నిలబడింది.

"వద్దు పటేలా. కిరాయి మందోళ్లం, మీ ఇంట్ల ఎట్ల తింటం? గా గట్టు మీద పెట్టుర్రి. మంద ఎన్ని దినాలుంచాలె?"

గుర్వయ్యకు తల కొట్టేసినట్లయింది. గిన్నె గట్టు మీద పెట్టాడు. అతను చెలక దాటి రోడ్డెక్కేదాకా ఆమె దాన్ని ముట్టుకోలేదు.