భీమిలి పులుసు కోసం తోవ మళ్ళి

మొన్న విజయనగరంలో మా చెల్లెలిని చూసి, మేనల్లుడి కారులో గాజువాక తిరిగి వస్తుంటే, టైఫాయిడ్ వచ్చి తగ్గినా రెండు నెలలుగా నోరు చచ్చిపోయి గంజి తప్ప ఏదీ గొంతు దిగని మా ఆవిడ, తగరపువలస రాగానే ఉన్నట్టుండి భీమిలి హోటల్లో చేపల పులుసు తినాలనుంది అంది. తనంతట తాను తిండి అడగడం జబ్బు పడ్డాక అదే మొదలు. మేనల్లుడు మారు మాట్లాడకుండా హైవే వదిలి భీమిలి రోడ్డు పట్టాడు.

స్టీలు ప్లాంటులో నేను చేరిన కొత్తలో, పద్మనాభం పక్కన మా అత్తవారి ఊరికి స్కూటరు మీద వెళ్ళి వచ్చేటప్పుడు, ఎంత చుట్టు తిరుగుడైనా మేమిద్దరం భీమిలి మీదుగానే వచ్చేవాళ్ళం. అక్కడ ఒడ్డున తాటాకుల పాకలో ఒక జాలరి ఆవిడ హోటలు నడిపేది. వాళ్ళాయన పడవలో ఏ చేప పడితే ఆ రోజుకి అదే పులుసు, మరొకరి దగ్గర కొన్నది ఆ పొయ్యి ఎక్కేది కాదు. పడవ ఉత్తిగా వచ్చిన రోజున, మనం ఎంత దూరం నుంచి వచ్చామన్నా వినకుండా, "సముద్రం ఇయ్యనేదమ్మా, నానేటి సేత్తాను?" అని పప్పన్నం పెట్టి పంపేసేది. ఒళ్ళు మండేది గానీ, ఆ మాట మీది నమ్మకంతోనే మళ్ళీ వెళ్ళేవాళ్ళం. అంత కచ్చితమైన మనిషిని నా సర్వీసంతటిలో మా ఆఫీసర్లలో కూడా చూడలేదు.

మొన్న చూస్తే పాక పోయి స్లాబు వేసిన హాలు, గోడ నిండా సముద్రపు చేపల బొమ్మలు. మా ఆవిడ పులుసు కలుపుకుని గబగబా తినడం మొదలుపెడితే నా ప్రాణం లేచొచ్చింది. నేనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, మట్టి వాసన! అది చెరువు చేప.

చెయ్యి కూడా కడుక్కోకుండా వెనక వంటింటి వైపు వెళ్తే, తలుపు దగ్గర వ్యాను ఆపి థర్మోకోల్ పెట్టెల్లోంచి బొచ్చె చేపలు దింపుతున్నారు. కత్తిపీట ముందు కూర్చుని వాటి పొలుసు తీస్తున్నది, జుట్టంతా నెరిసిన ఆ జాలరి ఆవిడే! ఇంకెవరు ఈ పని చేసినా ఇంత అదిరిపోయేవాణ్ణి కాను.

ఇదేమిటమ్మా అని అడిగితే, నన్ను పోల్చుకుందో లేదో గానీ, తల మాత్రం దించుకోలేదు.

"సముద్రం ఇయ్యనేదు, ఇయ్యనేదు అని రోజూ సెప్తే పొయ్యెలా ఎలుగుతాది బాబూ? మా కొడుకు పడవ అమ్మీసి పోర్టులో పనికెల్తన్నాడు."

నిలదీద్దామని వెళ్ళినవాణ్ణి, సంగతి తెలిస్తే మా ఆవిడ మళ్ళీ కంచం తోసేస్తుందేమోనన్న భయంతో వెనక్కి వచ్చాను. ఆవిడ మారు అన్నం పెట్టించుకుంటోంది. సముద్రపు కోనాం చేపట, పొద్దున్నే పడవ దిగిందట అని బొంకి, ఆ మట్టి వాసన పులుసు నేనూ కిక్కురుమనకుండా తిన్నాను.

కారెక్కాక మా ఆవిడ నవ్వింది.

"సెరువున్న ఊళ్ళో పుట్టినదాన్ని, సెరువు సేప తెలీదేటండీ నాకు? ఆకలేసింది, తిన్నాను."

ఆవిడ తిన్నందుకు నాకు పట్టరానంత సంతోషంగానే ఉంది. కానీ ఎదురుగా అంత సముద్రాన్ని పెట్టుకుని వ్యాను కోసం ఎదురుచూసే ఆ పొయ్యిని తలుచుకుంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. ఇప్పుడు ఏ రోజు వెళ్ళినా అక్కడ పులుసు దొరుకుతుంది. ఈ రోజు లేదు పొమ్మని మమ్మల్ని తిప్పి పంపేవాళ్ళే లేరు.